పనుల వరస

పస్రా దాటి వ్యాను అడవిలోకి తిరగగానే స్నేహలత ఒళ్లోని ట్యాబ్‌లో బొమ్మ సగంలో ఆగిపోయింది. ముందు ఆకుపచ్చ గుండ్రం వచ్చింది, దాని పక్కన 'పేరు, ఊరు రాయాలి' అన్న పెట్టె వచ్చింది, పెట్టెలోంచి ఒక బాణం బయలుదేరింది, ఆ బాణం ఎక్కడికి పోతుందో చూపించకుండానే తెర మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలైంది. ఎడమచేతి వేలితో తెరను కిందికి లాగి చూసింది. చక్రం తిరుగుతూనే ఉంది. ఏటూరునాగారం పోయేదాకా ఇక సిగ్నల్ రాదు, ఆ సంగతి తనకు తెలియంది కాదు, కంటి ఆసుపత్రి క్యాంపులకు ఈ దారిన ఎన్నిసార్లు రాలేదు, ఎప్పుడూ ఇక్కడే ఫోన్లు మూగబోయేవి, ఇక్కడే అందరూ తలలు వెనక్కి వాల్చి కునుకు తీసేవాళ్లు, మరి హనుమకొండ దాటకముందే ఎందుకు తెరిచి పెట్టుకోలేదు, దారిలో తీరిగ్గా చూసుకుందాం అనుకుంది, ములుగు దాకా పత్తి చేలు చూస్తూ కూర్చుంది, ఇన్నాళ్లకు బయటికి వచ్చినందుకు గాలి కూడా కొత్తగా అనిపించి ఆ గాలిలోనే ఉండిపోయింది. ఇప్పుడు టేకు చెట్లు రోడ్డుకు రెండు పక్కలా దగ్గరికొచ్చేశాయి. సారంగపాణి నింపాదిగా వ్యాను నడుపుతున్నాడు. అతని పక్కన నర్సు కీర్తన మందుల పెట్టె మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. డాక్టర్లు వెనక ఇంకో బండిలో వస్తున్నారు. ఇంకో గంటలో క్యాంపు. పొర కమ్మిన కళ్లతో ఊళ్లనుంచి వచ్చినవాళ్లు హాలు ముందు కూర్చుని ఉంటారు, వాళ్లను ఏ కుర్చీలోంచి ఏ కుర్చీకి పంపాలో, ఎవరిని ఆపాలో, ఎవరిని ఆపరేషన్‌కు హనుమకొండ బస్సు ఎక్కించాలో చెప్పాల్సింది తను. ఆ వరసంతా ఈ బొమ్మలో ఉంది. "ఒక్క క్యాంపు చేసి చూడండి స్నేహలతగారూ, ఇబ్బందైతే బిల్లింగ్ దగ్గర కూర్చుందురు గాని, నీడపట్టున ఉంటది" అన్నాడు సూపరింటెండెంట్. మంచి మనసుతోనే అన్నాడు. మంచి మనసుతో అన్నాడు కాబట్టే రాత్రి అన్నం సయించలేదు.

వరసే కదా పోయింది. జూన్‌లో, చర్చిలో పాట మధ్యలో పుస్తకం కుడిచేతిలోంచి జారి పడితే వంగి తీసుకోబోయింది, చెయ్యి తనది కానట్టు వేలాడింది, పక్కన కూర్చున్నావిడ ఆమె ముఖం చూసి కేక పెట్టింది, మగవాళ్ల వైపు నుంచి భర్త డేవిడ్ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. ఆ కేక పెట్టినావిడకు స్తోత్రం, ఎవరిదో ఏమిటో అడక్కుండా కారు తాళాలు ఇచ్చిన మనిషికి స్తోత్రం, సమయానికి సూది మందు వేసిన డాక్టరమ్మకు స్తోత్రం. మాటలు తిరిగొచ్చాయి, పెళ్లికి వచ్చే చుట్టాల్లాగా, ఒకటి ముందు, ఒకటి వెనక, కొన్ని ఇంకా దారిలోనే. చెయ్యి కొంత వచ్చింది. చుట్టరికాల వరసలన్నీ గుర్తున్నాయి, ఎవరు బావ, ఎవరు వదిన, మేనమామ కొడుకు భార్య ఏమవుతుంది, ఎక్కడా తడబడలేదు. పోయింది పనుల వరస. ఏ పని తర్వాత ఏ పని. ఇంటికొచ్చాక మొదటిసారి చాయ్ పెడదామని వంటింట్లోకి పోయి, గ్లాసులో చక్కెర వేసింది, వడపోసే జాలిలో చాయ్‌పత్తి వేసింది, దాని మీద చల్లటి పాలు పోసింది, పోసి, ఎందుకు పొగలు రావడం లేదా అని చూస్తూ నిలబడింది. డేవిడ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. కాజీపేటలో డ్యూటీకి పోయి సాయంత్రం వచ్చేటప్పుడు ఒక అట్టముక్క తెచ్చాడు, దాని మీద స్కెచ్ పెన్నుతో పెట్టెలు గీశాడు, బాణాలు గీశాడు, ఒకచోట డైమండ్ ఆకారం కూడా గీసి 'పొయ్యి ముట్టించినవా? అవును, కాదు' అని రాసి పొయ్యి పక్కన గోడకు అంటించాడు. ఆ డేవిడే ఒకప్పుడు ఇంట్లో ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుంటే, "ఇల్లు కడుతున్నవా, పెట్టెలు పేరుస్తున్నవా" అని వేళాకోళం చేసేవాడు. అట్ట చూసి నవ్వింది. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు. నవ్వు కూడా ఒకవైపే వచ్చింది, అయినా నవ్వే.

ఆ పెట్టెల గొడవ మొదలైన రోజులు ఇప్పుడు తలుచుకుంటే ముద్దొస్తాయి గాని, అప్పుడు ఏడుపొచ్చింది. ఆసుపత్రికి నాణ్యత సర్టిఫికెట్ రావాలంటే ప్రతి పనీ ఎట్లా జరుగుతుందో గీసి చూపించాలన్నారు, దానికి ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు, క్యాంపుల పనంతా గీసే భారం స్నేహలత మీద పెట్టారు. తెరిస్తే తెల్లటి తెర. ఎడమవైపు గుండ్రాలు, పెట్టెలు, డైమండ్లు. ఒక పెట్టెను పట్టుకుని లాగితే బాణాలన్నీ ఊడిపోయేవి, ఇంకోదాన్ని జరిపితే అన్నీ చిక్కుపడి పిల్లి ఆడుకున్న దారపుండలా అయ్యేవి. పాత వర్డ్ ఫైళ్లు ఎక్కించబోతే తెలుగు అక్షరాలన్నీ ఖాళీ డబ్బాలుగా వచ్చాయి, మొత్తం మళ్లీ టైపు చేసుకుంది. పెట్టె గీసే ముందు ఎవరు ఏ పని చేస్తారో పేర్లు పెట్టమంది, పేర్లు పెడితే ఎవరికి మార్చే హక్కుందో చెప్పమంది, హక్కులిస్తే దీనికి ఓనర్ ఎవరో చెప్పమంది. ఓనర్ అంటే ఏమిటో తెలియక తన పేరే రాసింది. వారం గడిచినా ఒక్క పని కూడా పూర్తిగా గీయలేదు. "ఇదే పెన్నుతోనైతే గంటలో రాద్దును బిడ్డా" అంది నేర్పడానికి వచ్చిన దీప్తితో. దీప్తి ఎనుమాముల మార్కెట్లో రైతుల మిర్చి అమ్మిపెట్టే అడ్తి దుకాణం నడిపే పాండురంగం బిడ్డ, హైదరాబాద్‌లో చదివి వచ్చి ఊళ్లోని ఆఫీసులకు ఇట్లాంటివి నేర్పుతుంది. ఆ పిల్ల నవ్వింది. "మా బాపు గూడ గిట్లనే అంటడు ఆంటీ. అంత నా తలకాయలనే ఉన్నది, రాసుడెందుకు అంటడు. ఆయనకు జరమొచ్చిన్నాడు దుకాణం బంద్" అంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, "మీ దవాఖాన ఇడిసిపెట్టుండ్రి. మా దుకాణం గీయండి. రైతు మిర్చి తెచ్చిండు, ఇగ ఏం జెయ్యాలె?" అంది.

"తూకం వేస్తరు."

"పచ్చిగుంటే ఎట్ల ఏస్తరు ఆంటీ? బాపు ముందుగాల బస్తల చెయ్యి పెట్టి చూస్తడు. ఆ చూసుడే డైమండ్. ఎండినయా? అవునంటే కాంటా మీదికి. కాదంటే ఎండబోసుడు, మల్ల తిరిగొచ్చుడు."

మిర్చి బస్తాలో చెయ్యి. అప్పుడు వెలిగింది. డైమండ్ అంటే ఒక మనిషి ఆగి, చెయ్యి పెట్టి చూడడం. ఆ సాయంత్రమే తన మొదటి డైమండ్ గీసింది, 'వెంట ఎవరైనా వచ్చారా?' అని. ఒంటరిగా వచ్చిన ముసలివాళ్లను బస్సెక్కించకూడదు, ఆపరేషన్ తర్వాత కంటికి కట్టుతో ఎక్కడికి పోతారు. అవునంటే ముందుకు. కాదంటే ఊళ్లో ఎవరికైనా ఫోను చెయ్యాలి.

తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది, కాని స్నేహలత ఒక్కసారి నిటారుగా కూర్చుంది. ఇప్పుడు ఒక పెట్టె గుర్తొచ్చింది కదా. బొమ్మలోంచి కాదు, దీప్తి మొహంలోంచి. ఇంకోటి వస్తుందా. మెల్లగా, బెదరగొట్టకుండా, కోడిపిల్లను పిలిచినట్టు పిలిచి చూసింది. పేరు రాసిన తర్వాత ఏమిటి. దాని మీద పెద్ద తగాదా అయింది కదా, ముందు చూపు చూడాలని డాక్టర్లు, ముందు బీపీ చూడాలని నర్సులు, ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి ఎన్ని రోజులు తిరిగింది, ఒకరుంటే ఒకరుండరు, అందరూ ఒకే పనిని రోజూ చేస్తున్నారు, అడిగితే మాత్రం తలా ఒక రకంగా చెప్తారు. గీయడం కష్టం కాదు, ఒప్పించడం కష్టం, అది అప్పుడే తెలిసింది. చివరికి ముందు చూపు పరీక్ష అని ఒప్పుకున్నారు. కాబట్టి చూపు. తర్వాత డాక్టరు టార్చి. పొర ముదిరిందా, డైమండ్. ముదిరితే బీపీ, షుగరు. షుగరు దగ్గర ఒక తాత జేబులో జిలేబి దొరికింది, తినలేదని ప్రమాణం చేశాడు, మీసానికి పాకం ఉంది, అందుకే 'ఏమైనా తిన్నారా అని అడగాలి' అని ఒక పెట్టె చేర్చింది. తర్వాత సంతకం, వేలిముద్ర. తర్వాత వెంట వచ్చినవాళ్లు. తర్వాత బస్సు. కట్టు విప్పాక చుక్కల మందు, ఆ పెట్టెను ఫార్మసీలో ఎవరో తెలియక తీసిపారేశారు, అందరికీ మార్చే హక్కు ఇచ్చింది తనే మరి, ఏడుపు మొహంతో ఫోన్ చేస్తే దీప్తి పాత ప్రతిని వెనక్కి తెప్పించింది, "ఏం పోదు ఆంటీ, ఇందుల పోయినయన్ని దొరుకుతయి" అంది. పోయినవన్నీ దొరుకుతాయి. ఎడమచేతి వేలు ఒళ్లో చీర మీద ఒక్కో పెట్టె గీస్తూ పోయింది, ప్రతి పెట్టెలోనూ ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, వాదిస్తూ, నవ్వుతూ, జేబు తడుముకుంటూ. తేలిగ్గా వచ్చేసి ఉంటే ఇవేవీ ఉండేవి కావేమో. పెన్నుతో గంటలో రాసేసి ఉంటే, ఆ గంట ఎప్పుడో కొట్టుకుపోయేది. ప్రభువా, ఆ సాఫ్ట్‌వేర్‌ను అంత మొండిగా చేసినవాళ్లెవరో, వాళ్లకు కూడా స్తోత్రం.

"కీర్తనమ్మా, దారాలు పెట్టుకున్నరా?" అన్నాడు సారంగపాణి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "పోయినసారి మరిచిపోతే మస్తు పరేషాన్ అయింది."

"పెట్టిన అన్నా. నీలం సంచిల ఉన్నయి" అంది కీర్తన కళ్లు తెరవకుండానే.

దారాలు. ఏ దారాలు. స్నేహలత వేలు చీర మీద ఆగిపోయింది. క్యాంపులో దారాలతో ఏం పని. కుట్లు వేసే దారమా, కాదు, అది ఆపరేషన్ థియేటర్లోది, క్యాంపుకు తేరు. మళ్లీ మొదటినుంచి నడిచింది. పేరు, చూపు, టార్చి, బీపీ, షుగరు, సంతకం, వెంట మనిషి, బస్సు. దారం లేదు. వెనక నుంచి ముందుకు నడిచింది. దారం లేదు. అంత ముఖ్యమైనదే అయి ఉండాలి, మరిచిపోతే పరేషాన్ అయ్యేంత ముఖ్యమైనది, డ్రైవరుకు కూడా గుర్తున్నది, తన తలలో మాత్రం దాని జాగా కూడా లేదు, గోడ మీద పటం తీసేస్తే మచ్చయినా మిగులుతుంది, ఇక్కడ మచ్చ కూడా లేదు. అంటే ఇట్లా ఇంకెన్ని పోయాయో. పోయిందని తెలిస్తే వెతుక్కోవచ్చు, పోయినట్టే తెలియకపోతే ఎట్లా. హాలులో ఎవరికో దారం కట్టకుండా పంపేస్తుంది, ఎవరికో ఏదో అవుతుంది, అందరూ ఏమీ అనకుండా చూస్తారు, డేవిడ్ గుమ్మంలో నిలబడి చూసినట్టు. బిల్లింగ్ దగ్గర నీడపట్టున ఉంటుంది. తాడ్వాయి వచ్చింది, మేడారం దారి ఎడమకు చీలిపోయింది, చాయ్ హోటల్ ముందు ఎవరో కట్టెలు దించుతున్నారు, మళ్లీ అడవి. చంకల్లో చెమట పట్టింది. అడిగితే? అడిగితే తెలిసిపోతుంది. అడగకపోతే హాలులో తెలిసిపోతుంది. హాలులో తెలిస్తే ఆ కళ్లు కనపడనివాళ్ల మీద పడుతుంది. అది డైమండే కదా. ఆగి, బస్తాలో చెయ్యి పెట్టాలి.

"కీర్తనా" అంది. మాట కొంచెం ఆలస్యంగా వచ్చింది. "దారాలు... అంటే... ఏంటియి? నాకు... యాదికొస్తలేవు."

కీర్తన కళ్లు తెరిచి వెనక్కి తిరిగింది. ఆమె మొహంలో జాలి కోసం వెతికింది స్నేహలత. జాలి కాదు, ఆశ్చర్యం.

"మీకెట్ల యాదికొస్తది అక్కా? మీరు దవాఖానల ఉన్నప్పుడు మొదలువెట్టినం అయి. ముసలోళ్లు ఈడ బస్సెక్కుతాన్లు గని, హన్మకొండల దిగినంక ఎవరెంట వచ్చినోళ్లు ఎవరో తెల్వక ఒగటే ఆగమైతాన్లు. అందుకే ఇద్దరికి ఒక్కతీరు రంగు దారం కడుతానం. ఎర్ర దారం అవ్వకు ఎర్ర దారం కట్టిన కొడుకు. గంతే."

"నేను... ఉన్నప్పుడు... లేవా?"

"లేవక్కా. అయ్యో, గింతసేపు గదే ఫికర్ చేస్తాన్నరా?"

స్నేహలత నవ్వబోయింది, నవ్వు రాలేదు, కళ్లలోంచి నీళ్లు వచ్చాయి, కుడి కన్నే ముందు కారింది, ఆ పక్క నీళ్లను ఆపుకునే బలం ఇంకా రాలేదు. లేనిదాన్ని ఎట్లా పోగొట్టుకుంటాను. ఇంతసేపూ తన తలలో వెతికింది, అది అక్కడ ఎప్పుడూ లేదు. తను మంచం మీద పడుకుని 'ఆ', 'ఈ' అని నేర్చుకుంటున్నప్పుడు ఈ పిల్ల హాలులో నిలబడి, తప్పిపోయిన ముసలమ్మలను చూసి, దారం కొనుక్కొచ్చింది. పని ఆగలేదు, పెరిగింది. ఒకప్పుడైతే నన్నడక్కుండానా అని గుచ్చుకునేదేమో. ఇప్పుడు ఆ పిల్ల జడ వెనకనుంచి చూస్తుంటే, తను చల్లిన మడిలో వేరేవాళ్లు నీళ్లు పెట్టినట్టుంది. సారంగపాణి ఏమీ విననట్టు, వేగం కొంచెం తగ్గించాడు.

ఏటూరునాగారం మొదటి ఇళ్లు కనపడుతుండగానే ట్యాబ్ టింగుమని మోగింది. చక్రం మాయమైంది, పెట్టెలన్నీ గబగబా వచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి. చూపు, టార్చి, బీపీ. వరస తప్పలేదు. తిన్నారా అని అడగడం తను సంతకం ముందు పెట్టుకుంది, బొమ్మలో అది షుగరుకు ముందే ఉంది, అదొక్కటే తేడా, పర్వాలేదు, చూసుకోవడానికే కదా బొమ్మ. పైన ఎర్ర అంకె వెలుగుతోంది. నొక్కితే మార్పులు బారులు తీరి ఉన్నాయి, దారాల పెట్టె, బస్సులో నీళ్ల సీసాల పెట్టె, ఇంకా ఏవేవో, ప్రతిదాని పక్కనా ఒకటే మాట. స్నేహలత ఒప్పుకోవాలి. స్నేహలత ఒప్పుకోవాలి.

"ఇవన్నీ... ఎందుకు... ఆగినయి?"

"ఓనర్ మీరే గదక్కా. పని నడుపుకుంటానం గని, పక్కా చేసుడు మీరు చూసినంకనే అనుకున్నం" అంది కీర్తన. తర్వాత గొంతు తగ్గించి, "సూపరింటెండెంట్ సారు మీ పేరు తీసి వేరే పేరు పెట్టుండ్రి అన్నడు ఒగపాలి. ఒక్క నిమిషం పని అది. సారుకు దీప్తి ఏం జెప్పిందో తెల్సా? ఓనర్ పేరు మార్చాలంటే మస్తు సెటప్ ఉంటది సార్, అందరికి మల్ల మొదటికెల్లి నేర్పాలె, ఆర్నెల్లు పడుతది అన్నది. సారు భయపడి ఊకున్నడు" అంది.

సారంగపాణి స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి నవ్వాడు. కీర్తన కూడా నవ్వింది. స్నేహలత ట్యాబ్‌ను రెండు చేతులతో పట్టుకుంది, కుడిచేతికి దాని బరువు తెలిసింది, కొంచెమే అయినా తెలిసింది. దీప్తి అబద్ధమాడింది. తనను ఏడిపించిన ఆ సెటప్‌నే, ఆ మొండితనాన్నే, తన పేరు ముందు గోడలా నిలబెట్టింది. నీళ్ల సీసాలకు సరేనంది. దారాల దగ్గర ఆగింది. ఏ చేతికి కట్టాలో రాయలేదు. ఆసుపత్రిలో తన కుడిచేతికి ఒక పట్టీ వేశారు, అది ఉందో ఊడిందో తనకు తెలిసేదే కాదు, చెయ్యే తెలియనప్పుడు పట్టీ ఏం తెలుస్తుంది. ఎడమచేతి వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, 'స్పర్శ తెలిసే చేతికి కట్టాలి' అని చేర్చింది. తర్వాత సరే అన్నదాన్ని నొక్కింది.

హాలు ముందు వరండా నిండా మనుషులున్నారు. కుర్చీలు వేయించింది, వరసను తనే నడిపించింది, రెండుసార్లు ఆగి ట్యాబ్ చూసుకుంది, సిగ్గనిపించలేదు. ఎండ నడినెత్తికి రాకముందే కొంత గొడవ మొదలైంది. చిలుకమ్మ అనే ముసలావిడ, లోపలి గూడెం నుంచి కోడలితో వచ్చింది, రెండు కళ్లలోనూ పొర పాలలా తెల్లగా ఉంది, సంతకం బల్ల దగ్గరికి వచ్చి లేచి నిలబడింది. ఇంటికి పోతానంటోంది. కుర్ర డాక్టరు వచ్చి ఏదో చెప్పాడు, ఇంకో నర్సు చెప్పింది, కోడలు కసురుకుంది. చిలుకమ్మ కర్ర వెతుక్కుంటోంది. స్నేహలత ఒక స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుని, చెయ్యి పట్టుకుంది.

"అవ్వా" అంది. తర్వాతి మాట కోసం ఆగింది. "ముందుగాల... బస్సు. కోడలు... పక్కనే ఉంటది. తర్వాత... కంట్లె... మందు చుక్కలు. అప్పుడు... నొప్పి... తెల్వది. పొర... తీస్తరు. తెల్లారి... కట్టు ఇప్పుతరు. కోడలు మొఖం... కనవడుతది. ఎల్లుండి... మా బండే... నిన్ను... మీ ఊర్ల దించుతది."

ప్రతి మాట మధ్యా ఖాళీ ఉంది. ఆ ఖాళీలో చిలుకమ్మ ఆ మాటను తన గూడెం భాషలోకి తీసుకుని, తల ఊపి, ఇంకో మాట కోసం ఎదురుచూసింది. వెనక ఉన్న గోల ఆ ఇద్దరి దగ్గరికి రాలేదు. కర్ర వెతికే చెయ్యి ఆగిపోయింది.

"అందరు గడగడ చెప్పి పోతరు" అంది చిలుకమ్మ, కనపడని కళ్లను స్నేహలత గొంతు వైపు తిప్పి. "నువ్వొక్కదానివే నాకు సమజయ్యేటట్టు చెప్పినవ్ బిడ్డా. మల్లొక్కసారి చెప్పు."

స్నేహలత స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.